కుర్చీలో తాళాలామె

పెద్దక్కకు పళ్ళు నూరడం వృత్తి. మాటవరసకు అనడం కాదు, నిజంగానే. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో ఆమెది అమరిక పని. ప్లాస్టర్ అచ్చు మీద మైనం పరిచి, అందులో ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, పైపళ్ళు కింది పళ్ళ మీద బుద్ధిగా కూర్చునేదాకా అరగదీయాలి. ఆ పనిలో ఆమెకు పేరుంది. ఉండేది అనాలి. ఇప్పుడు పెద్దక్క సింకు దగ్గర నిలబడి, క్లినిక్కుల నుంచి వచ్చిన ట్రేలు కడుగుతూ, ప్లాస్టర్ కలిపి పోస్తూ ఉంటుంది. ఇప్పుడామె నూరేది తన పళ్ళే.

కిటికీ పక్కన, మంచి వెలుతురులో ఉన్న అమరిక బల్ల దగ్గర చిన్నక్క కూర్చుంటోంది. చిన్నక్క పరాయిదేం కాదు, స్వయానా తోడికోడలు. ఉద్యోగం ఇప్పించింది పెద్దక్కే. మైనం ఎంత వేడికి మెత్తబడుతుందో, ఎంత వేడికి చేతిలో కారిపోతుందో వేలు పట్టుకుని నేర్పింది కూడా పెద్దక్కే. ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుతారు, ఒకే బస్సెక్కుతారు, ఒకే అత్తగారి చేత మాటలు పడతారు. కడుపులో పగ పెట్టుకున్న మనిషికి ఇంత దగ్గరితనం మంచిది కాదు. రోజూ కంటి ముందు కనిపిస్తుంటే పగకు తిండి దొరుకుతూనే ఉంటుంది.

జరిగిందేమిటంటే, ఒక పెద్ద డాక్టరు తన రోగికి పళ్ళ సెట్టు చేయమని పంపాడు. చేసి పంపారు. నాలుగు రోజులు తిరక్కుండా వెనక్కి వచ్చింది. ఆ ముసలాయన నవ్వగానే పళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయట, పక్కన వియ్యాలవారు ఉన్నారట. ల్యాబు యజమాని, అందరూ గురువుగారు అని పిలిచే పెద్దమనిషి, అచ్చును తీసుకుని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశారు. మధ్యలో సన్నటి మైనపు గీత ఉంది. అచ్చు కింద పడి విరిగింది. ఎవరో అతికించేసి, చెప్పాపెట్టకుండా దాని మీదే పని కానిచ్చేశారు.

ఆ అచ్చును ముట్టుకున్నది ఇద్దరే. గురువుగారు ఇద్దరి వంకా చూసి "ఎవరమ్మా?" అన్నారు. పెద్దక్క నోరు తెరిచేలోపే చిన్నక్క కళ్ళ నుంచి నీళ్ళు జలజలా రాలాయి.

"అక్కని ఏమీ అనకండి గురువుగారూ. పొరపాటున జారింది. ఎవరికైనా జరుగుతుంది."

అంతే, ఇంకొక్క మాట లేదు. "అక్కే చేసింది" అని ఉంటే పెద్దక్క చీల్చి చెండాడేది. కానీ తన కోసం వెక్కి వెక్కి ఏడుస్తున్న పిల్లను పట్టుకుని "నేను కాదు, ఇదే" అంటే, లోకంలో తనకంటే రాక్షసి ఉంటుందా? పెద్దక్క నీళ్ళు నమిలింది. ఆ నమలడాన్నే అందరూ ఒప్పుకోలు కింద జమకట్టేశారు. మర్నాడు ఆమె సింకు దగ్గరికి వెళ్ళింది, చిన్నక్క కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఇంటి దగ్గర అత్తగారు సంగతంతా విని, "తప్పు చేసినా చిన్నది నిన్ను వెనకేసుకొచ్చింది చూడు. దాని మనసు వెన్న" అంది. ఆ వెన్న మాట పెద్దక్క గొంతులో ఇంకా అడ్డం పడే ఉంది.

ఇక్కడ ఆ ల్యాబుకున్న పిచ్చి ఒకటి చెప్పాలి. 'ఉప్పుకోట' అని ఒక నవల. ఒకటి కాదు, అయిదు లావుపాటి సంపుటాలు. మాట్లాడే అలలు, రెక్కల గుర్రాలు, చచ్చి మళ్ళీ లేచి వచ్చే రాజులు, ఒకటేమిటి. ప్లాస్టర్ పోశాక అది గట్టిపడేదాకా చేసే పనేమీ ఉండదు కాబట్టి, ఆ కాసేపు ఎవరి చేతులు ఖాళీగా ఉంటే వాళ్ళు పైకి చదవాలి, మిగతావాళ్ళు వినాలి. అలా నాలుగు సంపుటాలు అయిపోయాయి. అయిదోది మొన్నమొన్ననే వచ్చింది.

ఆ కథలో అందరినీ కొట్టుకుచచ్చేలా చేసింది తాళాలామె. కోట తాళాలన్నీ ఆమె నడుముకే వేలాడేవి. శత్రువులు ఆమె బిడ్డను ఎత్తుకుపోయి, బిడ్డ కావాలంటే సముద్రద్వారం తెరవమన్నారు. తెరిచింది. కోటలో సగం మంది చచ్చిపోయారు. నింద మాత్రం కాపలా గంట కొట్టాల్సిన గంటవాడి మీద పడింది. వాడు ఆమెతోపాటు ఒకే ఇంట్లో పెరిగినవాడు. రాణి కొలువులో తాళాలామె మోకాళ్ళ మీద పడి, "వాడికి నిద్రపట్టి ఉంటుంది, చంపకండి" అని వేడుకుంది. రాణి కరిగిపోయి, వాణ్ణి చంపకుండా ఉప్పు గనులకు తోలింది. గంటవాడికి అప్పుడుగానీ అర్థం కాలేదు, ఏం జరిగిందో.

మొదటినుంచీ పెద్దక్క తాళాలామె పక్షం. "మీ బిడ్డ మెడ మీద కత్తి పెడితే మీరేం చేస్తారో చెప్పండి ముందు. పైగా వాణ్ణి చావు నుంచి తప్పించింది కదా. ఆ వేడుకోవడంలో ప్రేమ లేదా?" అని వాదించేది. చిన్నక్క ససేమిరా ఒప్పుకునేది కాదు. ఒకరోజు మైనం కరిగిస్తూ అన్న మాట ల్యాబులో అందరికీ నచ్చింది.

"ద్వారం తెరవడం భయం అక్కా, దాన్ని క్షమించొచ్చు. అసలు ద్రోహం ఆ బతిమాలడమే. నేరం మోపితే రుజువు చూపించమంటారు. జాలిపడితే ఎవరూ ఏమీ అడగరు."

ఆ రోజు అందరూ శభాష్ అన్నారు. పెద్దక్క కూడా మురిసిపోయి, నా శిష్యురాలు అంది.

సింకు దగ్గర చేతులు ప్లాస్టర్‌తో పగిలిపోతుంటే, ఒకరోజు ఆ మాట ఆమెకు గుర్తొచ్చింది. ట్రే చేతిలో అలాగే ఉండిపోయింది. అంటే గురువుగారి ముందు చిన్నక్క బతిమాలింది భయంలో నోరుజారి కాదు. ఎలా పనిచేస్తుందో ముందే తెలుసు. చదివి, అర్థం చేసుకుని, నలుగురికీ విడమరిచి చెప్పి, తర్వాత తన మీదే వాడింది. పెద్దక్కకు అప్పటిదాకా ఉన్నది కోపం. ఆ రోజు నుంచి పగ అయింది.

ఆ తర్వాత ఇంకో వింత జరిగింది. చిన్నక్కకు తాళాలామె మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. "పాపం, ఆమె ఏ స్థితిలో ఉందో ఎవరికి తెలుసు" అనడం మొదలుపెట్టింది. పెద్దక్కేమో ఎవరైనా తాళాలామె పేరెత్తితే నిప్పులు కక్కేది. క్లినిక్కులకు పెట్టెలు మోసే డబ్బాల బాబాయి బుర్ర గోక్కున్నాడు.

"ఇదేంటమ్మా, తోడికోడళ్ళిద్దరూ పార్టీలు మార్చేసుకున్నారు?"

"చదివేకొద్దీ తెలుస్తుంది బాబాయ్, మనుషుల సంగతి" అంది పెద్దక్క.

ల్యాబు మూల ఒక పాత కుర్చీ ఉంది. ఏదో క్లినిక్కు మూతపడినప్పుడు వచ్చిన పళ్ళ డాక్టరు కుర్చీ, వెనక్కి వాలేది. శనివారం మధ్యాహ్నం మిషన్లు ఆగాక దాని చుట్టూ ముక్కాలిపీటలు వేసుకుని 'ఉప్పుకోట' విచారణ పెట్టుకోవడం వాళ్ళ అలవాటు. కుర్చీ ఎక్కినవాళ్ళు ఆ కథలో మనిషైపోవాలి. "నేను" అనే మాట్లాడాలి. ఓటు పడేదాకా దిగకూడదు, వాళ్ళను వాళ్ళ సొంత పిలుపుతో ఎవరూ పిలవకూడదు. కథలో లేనిది కల్పించకూడదు. చివర్లో స్టీలు గిన్నె తిప్పుతారు. నిర్దోషి అనుకుంటే ఒక పన్ను వేయాలి, దోషి అనుకుంటే ఎర్ర మైనం ఉండ వేయాలి. పెద్దవాళ్ళు ఆడుకునే ఆట. కానీ వాళ్ళు ల్యాబు పని కంటే శ్రద్ధగా ఆడేవాళ్ళు.

కుర్చీ ఎక్కడంలో చిన్నక్కను మించినవాళ్ళు లేరు. ఒకసారి ఎక్కిందంటే ఇల్లూ వాకిలీ మరిచిపోతుంది. కిందటేడు దాహంతో చచ్చిపోయే యువరాజుగా కూర్చుని, బాబాయి జాలిపడి మంచినీళ్ళు ఇస్తే, కథలో నీళ్ళెక్కడివని గ్లాసు విసిరికొట్టింది. ఆ సంగతి పెద్దక్కకు బాగా గుర్తుంది. తనకు కావలసింది ఒక్కటే. గురువుగారి చెవిన, చిన్నక్క నోటివెంట, ఆ అచ్చు సంగతి పడాలి. అది జరిగితే బల్ల తిరిగొస్తుంది, పేరు తిరిగొస్తుంది. తను ఎంత చెప్పినా ఓర్వలేక అన్న మాటే అవుతుంది. కుర్చీ చెబితే వేరు.

అయిదో సంపుటం పూర్తయిన శనివారం గురువుగారు పీట మీద సర్దుకుని కూర్చున్నారు. "ఇవాళ తాళాలామె సంగతి తేల్చేద్దాం. అడిగేదెవరు?"

"నేను" అంది పెద్దక్క.

"మరి కుర్చీలో?"

"చెల్లి కూర్చుంటేనే అందం. ఈమధ్య ఆమె తరఫున తెగ మాట్లాడుతోంది."

చిన్నక్క చేతులు తుడుచుకుంటూ నసిగింది. "నాకు తలనొప్పిగా ఉందక్కా. పాలిష్ అన్నని కూర్చోమను."

పాలిష్ మిషన్ నడిపే అన్న నోరు విప్పేదే అరుదు. అతను తల అడ్డంగా ఊపేశాడు.

"సరేలేమ్మా, భయమైతే వద్దులే" అంది పెద్దక్క, ఎంతో ప్రేమగా.

"భయమా? నాకెందుకు భయం?" చిన్నక్క వెళ్ళి కుర్చీలో వాలింది. కళ్ళు మూసి తెరిచేసరికి మనిషే మారిపోయింది. నడుముకు బరువేదో వేలాడుతున్నట్టు ఒక పక్కకు ఒరిగి కూర్చుంది.

"నీ పేరేమిటి?" అని మొదలుపెట్టింది పెద్దక్క.

"పేరు ఎప్పుడో పోయింది. తాళాలామె అంటారు."

"గంటవాడు నీకేమవుతాడు?"

"ఒకే కంచంలో తిన్నాం. నాకు ఈత నేర్పింది వాడే."

"ఈత నేర్పినవాణ్ణి ముంచడానికి చేతులెలా వచ్చాయి?"

"ముంచలేదు. వాడి ప్రాణం కాపాడాను. రాణి కాళ్ళు పట్టుకున్నాను."

బాబాయి అవునవును అన్నట్టు తల పంకించాడు. పెద్దక్క కోపాన్ని మింగింది. ఇప్పుడు అరిస్తే పనంతా పాడవుతుంది. మైనాన్ని మెత్తబరిచినట్టే, సెగ మెల్లగా పెంచాలి.

"ఆ రోజు ద్వారం దగ్గరికి వెళ్దాం. గాలి ఎటునుంచి వీస్తోంది?"

"సముద్రం వైపునుంచి."

"దివిటీ ఎవరు పట్టుకున్నారు?"

"నేనే. నాతో ఎవరూ లేరు."

"తాళం తిరిగిందా?"

"తుప్పు పట్టింది. రెండు చేతులతో తిప్పాను."

"చేతులు వణికాయా?"

"బాగా వణికాయి." నిజంగానే చిన్నక్క చేతులు వణుకుతున్నాయి. నుదుట చెమట పట్టింది. ఆమె ఇప్పుడు ల్యాబులో లేదు, ఎక్కడో చీకట్లో ఒంటరిగా తప్పు చేస్తోంది. పెద్దక్క పీటను ముందుకు జరుపుకుని, ఊపిరి తీసుకోనివ్వకుండా అడిగింది.

"తాళాల గుత్తి చేతిలోంచి జారిందా?"

"జారింది."

"వెనక్కి తిరిగి చూశావా?"

"చూశాను. ఎవరూ లేరు."

"అంత బరువైన గుత్తి రాతినేల మీద పడితే చప్పుడు రావాలి. ఎవరికీ ఎందుకు వినపడలేదు?"

"ఎలా వినపడుతుంది, పాలిష్ మిషన్ తిరుగుతోంది కదా."

పప్పులో కాలేసిన సంగతి చిన్నక్కకు వెంటనే తెలియలేదు. బాబాయికి నవ్వు రాబోయి మధ్యలోనే ఆగిపోయింది. పాలిష్ అన్న మెల్లగా వెనక్కి తిరిగి, మూలనున్న తన మిషన్ వంక చూశాడు. ఉప్పుకోట అయిదు సంపుటాల్లో పాలిష్ మిషన్ ఎక్కడా లేదు. గురువుగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. వాళ్ళ ముఖాలు చూశాక చిన్నక్క నిటారుగా లేచి కూర్చుంది.

"అదే... అలల హోరు అనబోయి..."

"ఎన్ని ముక్కలైంది?" అంది పెద్దక్క.

"అక్కా."

"ఇక్కడ అక్కలెవరూ లేరు. ఓటు పడేదాకా నువ్వు తాళాలామెవి. ఎన్ని ముక్కలైంది?"

చిన్నక్క గురువుగారి వైపు చూసింది. ఆయన రక్షిస్తారనుకుంది కాబోలు. ఆయన ఒక్క మాటే అన్నారు. "అడిగినదానికి జవాబు చెప్పు."

"రెండు" అంది చిన్నక్క.

"దేనితో అతికించావు?"

"మైనంతో."

"నింద గంటవాడి మీదికి ఎందుకు తోశావు? నీకేం అపకారం చేశాడు?"

చిన్నక్క తల దించుకుని చెప్పింది. ఈసారి నటన లేదు. "ఏమీ చేయలేదు. వాడి తర్వాత వచ్చినదాన్ని, పని పోతుందని వణికిపోయాను. గంటవాడు గట్టివాడు. ఎవరేమన్నా తట్టుకుంటాడు. నేను తట్టుకోలేను. అందుకని."

ఈ మాట కోసం పెద్దక్క ఎన్నాళ్ళుగా కాచుకుని కూర్చుందో. వింటే కడుపులో మంట చల్లారుతుందనుకుంది. చల్లారలేదు సరికదా, ఇంకా ఎగసింది. తట్టుకుంటాడట. అంటే గట్టిగా ఉండటమే తను చేసిన నేరం అన్నమాట. రేపు ఇంకెవరైనా భయపడితే మళ్ళీ తననే వెతుక్కుంటూ వస్తారన్నమాట. పగిలిన తన అరచేతుల్ని ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, ఆమె నిదానంగా "నా ప్రశ్నలైపోయాయి" అంది.

గిన్నె తిరిగింది. ఎవరూ ఎవరి వంకా చూడలేదు. గిన్నె తన దగ్గరికి వచ్చేసరికి పెద్దక్క వేళ్ళు మైనం డబ్బా మీద ఆగాయి. చిన్నక్క తన వైపే చూస్తోంది. ఆ చూపులో ఒక ఎదురుచూపు ఉంది. మైనం వేస్తుంది, తిడుతుంది, జుట్టు పట్టుకుంటుంది, ఏదో ఒకటి చేస్తుంది, అయిపోతుంది. శిక్ష పడితే బాకీ తీరిపోయినట్టే. ఇంటికెళ్ళి ఏడ్చి పడుకోవచ్చు. పెద్దక్కకు అది అర్థమైంది. అంత తేలిగ్గా వదలడానికి ఆమెకు మనసొప్పలేదు. వేళ్ళు డబ్బా మీదినుంచి జరిగి ఒక పన్నును పట్టుకున్నాయి.

గురువుగారు గిన్నెను బల్ల మీద బోర్లించారు. మూడు ఎర్ర ఉండలు, ఒక తెల్లటి పన్ను పడ్డాయి.

"పన్ను ఎవరు వేశారు?" అన్నారు ఆయన ఆశ్చర్యంగా.

"నేనే" అంది పెద్దక్క.

ఆయన ఆమె వైపు తిరిగారు. "నన్ను క్షమించమ్మా. అడగాల్సిన నాడు నేను సరిగ్గా అడగలేదు. సోమవారం నుంచి కిటికీ బల్ల నీది." ఆ తర్వాత కుర్చీ వైపు తిరిగారు. ఆయన గొంతు మారిపోయింది. "ఇక నీ సంగతి. నువ్వు ఇంక ఈ గడప..."

పెద్దక్క లేచి నిలబడింది. కన్నీళ్ళు రమ్మనకుండానే వచ్చాయి. సింకు దగ్గర ఇన్నాళ్ళూ మింగినవే అవి, దొంగ కన్నీళ్ళేం కావు. చెంపల మీదుగా కారనిచ్చి, తుడుచుకోకుండా, చేతులు జోడించింది.

"దాన్ని ఏమీ అనకండి గురువుగారూ. పొరపాటున జారింది. ఎవరికైనా జరుగుతుంది."

బాబాయి కండువాతో కళ్ళొత్తుకున్నాడు. "ఇంత జరిగాక కూడా ఎంత మంచి మనసమ్మా నీది" అన్నాడు. ఎప్పుడూ మాట్లాడని పాలిష్ అన్న కూడా "అక్క గొప్ప మనిషి" అన్నాడు. గురువుగారు "నీ ముఖం చూసి వదిలేస్తున్నాను. సింకు దగ్గర ఉండనీ. నీ కళ్ళెదుటే ఉంటుంది" అన్నారు.

గదిలో ఆ మాటలు ఎక్కడివో గుర్తుపట్టింది ఒక్క చిన్నక్కే. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఏదో అనడానికి నోరు తెరిచింది. ఏమంటుంది? తన కోసం చేతులు జోడించి ఏడుస్తున్న మనిషిని పట్టుకుని "ఇది జాలి కాదు, పగ" అంటే ఎవరు నమ్ముతారు? ఇది ఎలా పనిచేస్తుందో ఆ ల్యాబులో అందరికీ విడమరిచి చెప్పింది తనే కదా. నీళ్ళు నమిలింది.

బస్సులో ఇద్దరూ ఎప్పటిలాగే పక్కపక్కన కూర్చున్నారు. సగం దూరం వచ్చాక చిన్నక్క పెద్దక్క కొంగు పట్టుకుంది.

"అక్కా, నన్ను తిట్టు. నాలుగు తిట్లు తిట్టు. చెంప పగలగొట్టు."

"ఛ, అదేం మాట. నేనెందుకు తిడతాను?"

"అంతేగానీ ఆ మాట ఇంకెప్పుడూ అనకక్కా. నీకు దణ్ణం పెడతాను."

"ఏ మాటమ్మా?" అంది పెద్దక్క, కొంగు మెల్లగా విడిపించుకుంటూ.

ఇంట్లో చిన్నక్క ఉబ్బిన కళ్ళు చూసి అత్తగారు వదల్లేదు. ఏమైంది, ఎవరేమన్నారు, చెప్పరేం అని గుచ్చి గుచ్చి అడిగింది. పెద్దక్క అన్నాలు వడ్డిస్తూ, అచ్చు సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ఒక్క మాట పెంచలేదు, ఒక్క మాట తగ్గించలేదు. అత్తగారు గుడ్లురిమి చిన్నకోడలి వైపు తిరిగింది. అంతలోనే పెద్దక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"దాన్ని ఏమీ అనకండి అత్తయ్యా. పొరపాటున జారింది. ఎవరికైనా జరుగుతుంది."

అత్తగారు పెద్దకోడలి వైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ నిన్ను తెలుసుకోలేకపోయానే. నీ మనసు వెన్న" అంది.

చిన్నక్క కంచం మీదికి వంగి ఉంది. ముద్ద ఎత్తడం లేదు. ఆమె దవడ దగ్గర సన్నగా కిర్రుమని చప్పుడైంది. అత్తగారికి వినపడలేదుగానీ, పళ్ళు నూరే చప్పుడు పెద్దక్క ఎంత దూరంనుంచైనా గుర్తుపడుతుంది.

"ఇంకొంచెం పెట్టనా అమ్మాయ్?" అంది ఆప్యాయంగా.